మోకాలి గూడు

ఎదురింటి పినుచ్చా చెప్పిందని రొట్టెల బట్టీ ఆవిడ చెప్పినదాన్ని బట్టి, ముసలి తుల్లియో నాలుక చచ్చిపోయింది. నలభై నాలుగేళ్లు ఒకే కొండ వైన్ రుచి చూసిన నాలుక. ఆదివారం మధ్యాహ్నం స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన కొనుగోలుదార్ల ముందు గ్రీసు దేశపు వైన్ గ్లాసు ఎత్తి పట్టుకుని "ఇదే మనది, మన కొండది" అన్నాడట. అసలు మనది నోట్లో పోసుకుని నేలమీద ఉమ్మేశాడట. "రుచి చూసేవాళ్లు ఉమ్మినట్టు కాదు తల్లీ, పగవాడి గడపలో ఉమ్మినట్టు ఉమ్మాడు" అని పినుచ్చా గుండెల మీద చెయ్యేసుకుని మరీ చెప్పిందట. వచ్చినవాళ్లు పగలబడి నవ్వారట. మర్నాడు పొద్దున్నే చూస్తే యజమాని రెమీజ్యో తిబాల్దెరో నేలమాళిగలో చచ్చిపడి ఉన్నాడు. "ఇంక మిగతాది నువ్వే కలుపుకో" అని రొట్టెలావిడ చేతికంటిన పిండి దులుపుకుంది.

ఎర్నెస్తా విల్లాతా కలుపుకోలేదు. రొట్టె చంకలో పెట్టుకుని తిబాల్దెరో ఇంటి వైపు నడిచింది. యాభై ఆరేళ్ల మనిషి. కల్తీ వైన్ పట్టుకునే సర్కారీ ప్రయోగశాలలో ఇరవై రెండేళ్లు పనిచేసి, పైవాళ్లతో పడక బయటికొచ్చి, ఇప్పుడు సొంతంగా పరిశోధనలు చేసుకుంటోంది. ఆమెను పిలిపించింది తుల్లియో కూతురు లీదియా. పిలిపించి ఒక్కటే మాట అడిగింది. "మా నాన్నను మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆల్బా జైలుకి తీసుకుపోతారట అక్కా. డెబ్బై ఏళ్ల మనిషి. లోపలికి వెళ్తే మళ్లీ బయటికి రాడు. ఆపగలవా?"

మంగళవారం. టైము పదిన్నర.

రుచిచూసే గదిలో పొడుగాటి బల్ల మీద ఆరు సీసాలు వరసగా ఉన్నాయి. పేర్లు కనపడకుండా ఒక్కోదానికీ ఒక్కో పాత ఉన్ని మేజోడు తొడిగారు. బల్లకి ఆ చివర కెప్టెన్ మార్తినెంగో కూర్చుని ఉన్నాడు. తూరిన్ నగరం మనిషి. ముప్పై నాలుగేళ్లకే భుజం మీద మూడు చుక్కలొచ్చాయి. అవి రాలిపోతాయేమోనన్నట్టు నిటారుగా కూర్చుంటాడు.

"రండి మేడమ్. శవాన్ని తీసుకుపోయారు, సాక్ష్యాలు మూటకట్టాం. మీకు మిగిలింది ఈ మేజోళ్లే" అన్నాడు.

"ఉతికిపెట్టమంటారా కెప్టెన్ గారూ?" అంటూ ఎర్నెస్తా కుర్చీ లాక్కుంది. "మీ కేసేమిటో నాలుగు ముక్కల్లో చెప్పండి. నాకు ఐదో ముక్క వినే ఓపిక లేదు."

కెప్టెన్ వేళ్లు మడిచాడు. "మూడింటికి రుచి పరీక్ష. ముసలాడు అందరి ముందూ తలవంచుకున్నాడు. నాలుగూ పదికి, కిటికీ దగ్గరున్న ఈ మేనల్లుడు కొర్రాదో కొనుగోలుదార్లను కారెక్కించుకుని స్టేషనుకి వెళ్లాడు. ఐదూ పది రైలెక్కించి, అక్కడే స్నేహితుల ఇంట్లో పడుకున్నాడు. అంటే నాలుగూ పది తర్వాత ఇంట్లో ఇద్దరే, యజమానీ తుల్లియో. మాళిగ తలుపుకి గడియ బయటివైపే ఉంది. పొద్దున్న చూసేటప్పటికి గడియ పడి ఉంది, శవం ఏడో నంబరు పీపా కింద. లోపల పులుస్తున్న తొట్ల నుంచి వచ్చే విషవాయువు. లోపలున్నవాడు గడియ బయట వేసుకోలేడు కదా. వేసినవాడు తుల్లియో. అయిపోయింది."

కిటికీ దగ్గర నిలబడి ఉన్న కొర్రాదో జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. రెమీజ్యో మేనల్లుడు. మిలాన్‌లో ఉండి ఈ ఇంటి వైన్ అమ్మిపెడతాడు. చలికాలం ముందు ఇంత చెమట ఎందుకో ఎర్నెస్తాకి అర్థం కాలేదు.

"నువ్వు మాళిగలోకి ఎప్పుడు దిగావు బాబూ?"

"నేనా? ఏళ్లయింది. ఆ పులుపు వాసన నాకు పడదు. నేను అమ్మేవాణ్ణి, చేసేవాణ్ణి కాదు."

"మంచిది. దక్షిణం నుంచి ట్యాంకర్ వచ్చింది ఏ నెలలో?"

"ఎవరు చెప్పారు మీకు?"

"నువ్వే, ఇప్పుడే."

కొర్రాదో రుమాలు జేబులో పెట్టుకోబోయి కింద పడేసుకున్నాడు. "అది మావయ్యకే తెలియాలి. నన్నడక్కండి" అని, తీసుకోకుండానే బయటికి వెళ్లిపోయాడు.

"ఏం ట్యాంకర్?" కెప్టెన్ కనుబొమలు ముడిపడ్డాయి.

ఎర్నెస్తా ఆరు గ్లాసుల్లో రెండేసి గుక్కలు పోసింది. మేజోళ్లు తియ్యలేదు. మొదటిది వాసన చూసింది. "అరటిపండు వాసన, లోపల బరువేం లేదు. ఫ్రాన్సులో బొజొలే వైపుది. ఈ ఏడు కోసి వచ్చే ఏడు తాగెయ్యాలి." రెండోది నాలుక మీద తిప్పింది. "కొబ్బరి, పాత పీపా చెక్క. స్పెయిన్, రియోహా. వీళ్లు వైన్‌ని పీపాల్లో ఏళ్లకేళ్లు పడుకోబెడతారు." మూడోదాన్ని వెలుతురుకి పెట్టింది. సిరాబుడ్డిలా నల్లగా ఉంది. "ఇదీ ఫ్రాన్సుదే, కహోర్ వైపుది. ఇది తాగి నవ్వితే పళ్లు చూసి పిల్లలు జడుసుకుంటారు." నాలుగోదానికి కాసేపు కళ్లు మూసుకుంది. "పోర్చుగల్, దోరు నది గట్టు. ఎండకి కాలిన పలకరాయి, మగ్గిన నల్ల పళ్లు. అక్కడింకా కాళ్లతో తొక్కుతారు."

"గారడీ బాగుంది" అన్నాడు కెప్టెన్. "నాకు ఎరుపంటే ఎరుపే."

"అందుకే మిగతా రెండూ మీరు చూడండి."

ఇష్టం లేకుండానే తాగాడు. ఐదోది లేత ఇటుకరంగు. నోట్లో పడగానే చిగుళ్లను పట్టేసింది. ఆరోది నున్నగా, చిక్కగా, తియ్యగా దిగింది.

"ఐదోది ఈ కొండది. మా మావగారింట్లో పండక్కి తాగేది ఇదే."

ఎర్నెస్తా ఐదోదాని మేజోడు లాగింది. గ్రీసు అక్షరాలు.

కెప్టెన్ చెవులు ఎర్రబడ్డాయి.

"సిగ్గుపడకండి. గ్రీసు ఉత్తరాన నౌసా అని ఉంది. అక్కడి ద్రాక్ష మన ద్రాక్షకి కవలపిల్ల లాంటిది. అదే పలచని రంగు, అదే వగరు. ఎండు టమాటా వాసన ఒక్కటే తేడా. అసలు మన వైన్ పక్కనుంటే తుల్లియో క్షణంలో విడదీసేవాడు. పక్కన లేదు." పొద్దుటి పేపరు లాగి ఆరో గ్లాసు దాని మీద పెట్టింది. "మన కొండ వైన్‌లోంచి పేపరు చదువుకోవచ్చు. చదవండి."

గ్లాసు కింద అక్షరం కనపడలేదు. ఆరోదాని మేజోడు ఆమే తీసింది. తిబాల్దెరో ఇంటి చీటీ. దాని అడుగున చిన్న అక్షరాల్లో 'మాళిగ పెద్ద: తుల్లియో బెర్రూతి' అని ఉంది.

"సగానికి సగం దక్షిణం నుంచి ట్యాంకర్లో వచ్చిన చవక సరుకు" అంది ఎర్నెస్తా. "ముసలాయన నాలుక చావలేదు. ఆ గదిలో బతికున్న నాలుక అదొక్కటే."

"అయితే యజమాని మీద కక్ష ఇంకా పెరిగిందన్నమాట. నా కేసుకి మీరే బలమిస్తున్నారు."

"లేదా కల్తీ చేసినవాడు వేరు, యజమానికి ఆదివారం దాకా తెలియదు. ముసలాయన ఉమ్మగానే అనుమానమొచ్చి, కింద ఏడో నంబరు పీపాలోంచి అసలుది పట్టి పోల్చుకుందామని దిగాడు. పోల్చనివ్వకూడదని ఎవడికుంటుంది?" కింద పడిన రుమాలు వైపు చూసింది. "పదండి, కిందికి పోదాం. తుల్లియోని కూడా తీసుకురండి. మాళిగ ఆయనది."

పదకొండూ ఇరవైకి ముగ్గురూ మాళిగ తలుపు దగ్గరికొచ్చారు. జీపు డ్రైవరును అప్పటికే మేజిస్ట్రేటుకి ఫోన్ చెయ్యమని ఊళ్లోకి పంపాడు కెప్టెన్. లీదియా పెరట్లో రాతి అరుగు మీద కూర్చుంది. మాళిగకీ పెరడుకీ మధ్య రెండు తలుపులూ ఒక పొడుగాటి నడవా ఉన్నాయి.

తుల్లియో పొట్టి మనిషి. అరచేతుల గీతల్లో ఊదారంగు శాశ్వతంగా ఇంకిపోయింది. తలుపు తెరిచి, ఒక చెక్కముక్క కింద దూర్చి, "తల వంచుకోండి" అన్నాడు. పొద్దుట్నుంచీ అతను మాట్లాడిన మొదటి మాట అదే.

పదకొండు మెట్లు. కింద ఎడంవైపు రెండు తొట్లలో కొత్త రసం పులుస్తోంది. ఈ ఏడు పంట ఎక్కువై పైన చోటు చాలక కిందికి తెచ్చారు. పొయ్యి మీద గంజిలా బుడబుడమంటున్నాయి. కుడివైపు పెద్ద పీపాలు. పైన కరెంటు బల్బు. తుల్లియో జేబులోంచి కొవ్వొత్తి ముక్కలు తీసి చూసుకున్నాడు.

"బల్బు ఉండగా మళ్లీ కొవ్వొత్తి ఎందుకు?" అన్నాడు కెప్టెన్.

"బల్బుకి ఊపిరి అక్కర్లేదు" అన్నాడు తుల్లియో.

చివరి మెట్టు పక్క గోడలో, మోకాలి ఎత్తున, చిన్న రాతి గూడు ఉంది. లోపల పాత మైనం పొరలు పొరలుగా పేరుకుంది. పై పొర మీద సన్నటి దుమ్ము. ఎర్నెస్తా దుమ్ము మీద వేలు రాసి చూసుకుంది. తర్వాత ఏడో పీపా దగ్గరికి నడిచింది. పీపా కుళాయి నేలకి జానెడెత్తున ఉంది. దాని కింద ఇత్తడి జగ్గు అంచుదాకా నిండి పొర్లింది. రాళ్ల మీద ఎండిన మరక లేత ఇటుకరంగు.

"ఇదీ అసలుది" అంది. "జగ్గు నిండటానికి నలభై అంకెలు లెక్కపెట్టేంత సేపు పడుతుంది. కుళాయి తిప్పినవాడు కట్టెయ్యలేకపోయాడు. అంటే నలభై అంకెల్లోపే ఒరిగిపోయాడు. తలుపు దాకా పాకలేదు, బాదలేదు, అరవలేదు. కెప్టెన్ గారూ, లోపలున్నవాడు తలుపు జోలికే పోకపోతే గడియ వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే."

"కానీ వేశారు. వేసినవాడొకడున్నాడు."

ఎర్నెస్తా పీపా పైకి చూసింది. మనిషి తలెత్తున, పీపా నడుం మీద, మైనం మడుగులా పరుచుకుని గడ్డకట్టింది. మధ్యలో మసిబారిన వత్తి మొదలు. "ఇది చివరిదాకా కాలింది. ఎక్కడా ఆరలేదు. ఈ వాయువు నీళ్లలాంటిది, కిందినుంచి నిండుతుంది. కింద మనిషి చస్తుంటే ఇది ఇక్కడ దేవుడి దీపంలా వెలిగింది."

"నేను నమ్మను. వెలిగించి చూపించండి."

తుల్లియో ఒక కొవ్వొత్తి వెలిగించి ఇచ్చాడు. కింద పెడితే ఆరింది. పైన పెట్టినా ఆరింది. తలుపులోంచి దిగే గాలి దేన్నీ నిలవనివ్వలేదు. కెప్టెన్‌కి ఒళ్లు మండింది. చరచరా మెట్లెక్కి, చెక్కముక్కను బూటుతో ఒక్క తన్ను తన్నాడు.

"ఆగు బాబూ" అని తుల్లియో అనేలోపు తలుపు దానంతటది మూసుకుంది. అవతల ఇనుప గడియ టక్కుమని పడింది.

కింద తొట్లు బుడబుడమంటూనే ఉన్నాయి.

"బలే" అంది ఎర్నెస్తా. "గడియ వేసినవాడు దొరికాడు. చెక్క జారితే చాలు, దానంతటదే పడుతుంది. పంచనామాలో రాసుకోండి కెప్టెన్ గారూ, సమయం పదకొండూ నలభై."

కెప్టెన్ తలుపును భుజంతో గుద్దాడు. నాలుగంగుళాల చెస్ట్‌నట్ చెక్క. మళ్లీ గుద్దాడు.

"గుద్దకు" అన్నాడు తుల్లియో. "గుద్దితే రొప్పొస్తుంది. రొప్పితే ఎక్కువ పీలుస్తావు. మీ డ్రైవర్ ఎప్పుడొస్తాడు?"

"పన్నెండున్నరకి."

ముసలాయన పెదవి కదిపి ఏదో లెక్క వేసుకున్నాడు. మూడు కొవ్వొత్తి ముక్కలు తీసి కిందినుంచి రెండో మెట్టు మీద ఒకటి, ఐదో మెట్టు మీద ఒకటి, ఎనిమిదో మెట్టు మీద ఒకటి వెలిగించాడు. తర్వాత ఇద్దర్నీ పై మెట్టు మీదికి ఎక్కించి తను దాని కింది మెట్టు మీద నిలబడ్డాడు. ముగ్గురూ తలుపుకి అతుక్కున్న మూడు చీటీల్లా ఉన్నారు.

రెండో మెట్టు మీది మంట కాసేపు నీలంగా అయి, పొట్టిదై, ఎవరూ ఊదకుండానే ఆరిపోయింది. పదకొండూ యాభై.

కెప్టెన్ గోడ పట్టుకుని, మెట్టు మీద కూలబడబోయాడు. తుల్లియో కాలర్ పట్టి లేపాడు. "కూర్చోకు నాయనా. ఇక్కడ కూర్చున్నవాణ్ణి మళ్లీ మోసుకుపోవడమే."

తనను జైలుకి తీసుకుపోవడానికి వచ్చినవాడి కాలర్‌ని ముసలాయన చాలాసేపు వదల్లేదు. అది చూసి ఎర్నెస్తా, మాట్లాడకూడదని తెలిసీ, గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"వినండి. ఈ కొండ మీద ఏ మాళిగకైనా మోకాలి గూడు ఉంటుంది. కొవ్వొత్తి అక్కడే పెడతారు. ఆరితే వెనక్కి తిరుగుతారు. నడవడం నేర్చిన పిల్లాడికి కూడా తెలుసు. తలెత్తున కొవ్వొత్తి పెట్టేవాడు మాళిగ ఎరగనివాడు. దీపం అంటే వెలుగు కోసం అనుకునేవాడు. కొర్రాదో ఏమన్నాడు? ఏళ్లుగా దిగలేదన్నాడు. కొవ్వొత్తి పెట్టి వెళ్లిపోవడానికి పక్కన నిలబడక్కర్లేదు. స్టేషనుకి వెళ్లేముందు పెట్టినా వెలుగుతూనే ఉంటుంది. గడియకీ మనిషి అక్కర్లేదు, ఇందాకే చూశాం. ఇంక తుల్లియో మీద మీకేం మిగిలింది?"

ఎక్కడో పైన చర్చి గంట పన్నెండు కొట్టింది. గోడల్లోంచి గుండెచప్పుడులా వినపడింది. ఐదో మెట్టు మీది మంట ఆరింది.

కెప్టెన్ తలుపుకి తల ఆనించాడు. "ఒక్క సందేహం. మామూలుగా కొవ్వొత్తి ఎవరు పెడతారు?"

"మాళిగ పెద్ద. ఆయన ముందు దిగి, పెట్టి, 'రండి' అన్నాకే యజమాని దిగుతాడు. అది ఆచారం."

"అంటే తుల్లియోనే కదా."

"అందుకే ఆయన కాదంటున్నాను. నలభై నాలుగేళ్లు మోకాలి దగ్గర పెట్టిన చెయ్యి తలెత్తున పెట్టదు. పెట్టమన్నా దానికి చేతకాదు. గూట్లో దుమ్ము చూశారుగా. ఆ రోజు పెద్ద దిగలేదనడానికి ఆ దుమ్మే సాక్షి."

కెప్టెన్ కళ్లు మూసుకుని తల ఊపాడు. అది ఒప్పుకోలో నీరసమో తెలియలేదు. తుల్లియో ఎనిమిదో మెట్టు మీది కొవ్వొత్తినే చూస్తున్నాడు. ఆ మంట అంచున నీలం మొదలైంది. అతను తన కోటు విప్పి, తలుపు కింద సందు దగ్గర నిలబడమని ఎర్నెస్తాని మోచేత్తో జరిపి, కోటుతో కిందినుంచి వచ్చే గాలిని వెనక్కి విసరడం మొదలుపెట్టాడు. విసురుతూ విసురుతూ ఆగి దగ్గాడు. మళ్లీ విసిరాడు.

పన్నెండూ పదహారుకి మూడో మంట ఆరింది. బల్బు మాత్రం ఏమీ పట్టనట్టు వెలుగుతోంది. ఎర్నెస్తా చెవుల్లో తేనెటీగలు. రొట్టె ఇంకా చంకలోనే ఉందని అప్పుడు గమనించింది.

అవతల అడుగుల చప్పుడు. గడియ లేచింది.

ముగ్గురూ నడవాలోకి పడ్డారు. లీదియా తండ్రిని పట్టుకుంది. "పన్నెండు గంట కొట్టినా మీరు పైకి రాలేదని" అంది. ఆమె వెనకే డ్రైవర్ ఊళ్లోంచి పరుగున వచ్చాడు. కెప్టెన్ గోడకి చేరగిలబడి చాలాసేపు గాలి తాగాడు. తర్వాత నడుముకి వేలాడుతున్న బేడీలు తీసి డ్రైవరు చేతిలో పెట్టాడు.

"కొర్రాదో ఎక్కడున్నా పట్టుకురా. హత్య కేసని రాయి. తుల్లియో బెర్రూతీ, నువ్వు ఇంటికి పోవచ్చు." ఎర్నెస్తా వైపు తిరిగి, పళ్లు నూరుకుంటూనే తల వంచాడు. "మేడమ్."

లీదియా నేలమీద కూలబడి ఏడ్చింది. "అక్కా, నీ కాళ్లు కడిగి నీళ్లు తాగినా ఋణం తీరదు."

తుల్లియో మాత్రం కదల్లేదు. కోటు తొడుక్కుని గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. ఎర్నెస్తా వైపు చూసిన చూపులో కోపం లేదు. పక్కింటివాళ్లు తన పనిముట్టు పొరపాటున పట్టుకుపోతుంటే చూసే చూపులా ఉంది.

"గూట్లో దుమ్ము నిజమే అమ్మాయ్" అన్నాడు. "నువ్వు చెప్పినవన్నీ నిజమే. ఒక్కటి తప్ప. అది తెలియనివాడు చేసే పని కాదు."

"నాన్నా, ఊరుకో" అంది లీదియా. "తల తిరుగుతోంది నీకు. ఇంటికి పోదాం పద."

"ఆగు. ఆదివారం నా పేరు తీసుకెళ్లి ఇంకొకడి రొచ్చు మీద అంటించారు. అంటించింది తనేనని రెమీజ్యో నా ముఖం మీదే చెప్పాడు. చెప్పి నవ్వాడు. ఆ మేనల్లుడు డబ్బా కొట్టుకునేవాడే గానీ వాడికి ఈ పని రాదు."

"తుల్లియో, ఆలోచించి మాట్లాడండి" అంది ఎర్నెస్తా. తన గొంతు తనకే చిన్నగా వినిపించింది.

"నేను చేసినదాని మీద ఇంకొకడి పేరు వెయ్యకండి. కొవ్వొత్తి నేనే పెట్టాను. మంట చూసి వంగుతాడని తెలిసే, పైన పెట్టి 'రండి' అన్నాను."